ఉన్ని ముట్టుకుంటే ఉబ్బసం వస్తుందా?

చలిగాలి మొదలయ్యేసరికి తల్లులు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరుగారూ, మా బాబుకి ఉబ్బసం. ఉన్ని స్వెట్టరు వెయ్యవచ్చునా? కంబళి కప్పవచ్చునా?" అని. వెనకాలే ఇంట్లో పెద్దావిడ అందుకుంటారు: "ఉన్ని వాసనే పడదండీ వాడికి!" పోయిన ఏడాది కార్తీకమాసంలో ఈ ప్రశ్న మా ఇంట్లోనే తలెత్తింది. దానికి నేను చెప్పిన జవాబు ఉన్నితో బొమ్మలు చేసే దాకా పోయింది. అంచేత ఈ వారం మందుల సంగతి కాస్త, చేతిపని సంగతి కాస్త చెబుతాను, వినండి.

మా అమ్మాయి కాపురం ఉక్కునగరంలో. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో అది జాతికి అంకితమైన సంగతి మీకు తెలిసిందే. అన్ని జిల్లాల వాళ్ళూ వచ్చి స్థిరపడ్డ చోటు అది. మా అల్లుడిది పాలమూరు వైపు. వాళ్ళ పూర్వులు గొర్రెలు కాసిన కురుమలు. మా వియ్యపురాలి తల్లి చేత్తో ఉన్ని వడికేదట.

మనవరాలికి ఎనిమిదేళ్ళు. మూడో ఏటి నుంచి పిల్లికూతలు, ఆయాసం. దాన్ని ఇంట్లో ఎంత జాగ్రత్తగా పెంచారంటే, పెరుగు వద్దు, అరటిపండు వద్దు, ఐసు వద్దు, బీచి వద్దు, కుక్కపిల్ల వద్దు, పరుగెత్తద్దు. ఇందులో కొన్నింటికి అర్థం ఉంది, చాలావాటికి లేదు. ఇవన్నీ కలిసి పిల్లకి ఒక అలవాటు నేర్పాయి. ఏ వస్తువైనా ముట్టుకునే ముందు పెద్దవాళ్ళ ముఖంలోకి చూసి, "ఇది నాకు పడుతుందా?" అని అడిగేది. ఎవరైనా బొమ్మ ఇస్తే ఆ బొమ్మని కూడా! డాక్టరుగా చెబుతున్నాను, ఊపిరితిత్తుల జబ్బు కన్నా ఈ భయమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అలాంటి ఇంటికి మా వియ్యపురాలు ఒక నల్ల గొంగడి, చిన్న సంచెడు గొర్రె ఉన్ని పట్టుకొచ్చారు. ఉన్ని మనవరాలికి దిండు కుట్టడానికట. మా అమ్మాయి రెంటినీ పాలిథిన్ కాగితంలో చుట్టి అటక మీద పడేసింది. ఆవిడ ఏమీ అనలేదు గాని, ఆ రాత్రి భోజనం సరిగ్గా చెయ్యలేదు. మర్నాడు నేను వెళితే, "ఏం వదినా, గొంగడి పిల్లకి రోగం తెస్తదా? మా ఇంట్ల పసిపిల్లలను గొంగట్లనే ఎత్తుకుంటిమి గదా!" అన్నారు. మా అమ్మాయి ఇటు నుంచి, "అమ్మా, నువ్వే చెప్పు" అంది. ఇద్దరి మధ్యా నన్ను నిలబెట్టారు!

అసలు సంగతి ఇది. ఉన్ని పోగుకి అలర్జీ అన్నది చాలా అరుదు. మన వెంట్రుక ఏ పదార్థంతో తయారవుతుందో గొర్రె బొచ్చు కూడా అదే కెరటిన్‌తో తయారవుతుంది. మరి ఉన్ని కట్టుకుంటే దురద ఎందుకంటారా? పోగు లావు వల్ల. ముప్పై మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతువి ముప్పై దాటిన పోగు కొన చర్మానికి ముల్లులా గుచ్చుకుంటుంది. మెరినో ఉన్ని ఇరవై మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది కనక మెత్తన. మన దక్కను గొర్రె ఉన్ని ముతక. అది గీరుకోవడమే గాని అలర్జీ కాదు. ఎగ్జిమా ఉన్న పిల్లలకి మాత్రం ఆ గీరుడే చాలు, చర్మం రేగుతుంది. అలాంటి పిల్లలకి లోపల నూలు చొక్కా తొడిగి పైన ఉన్నిది వెయ్యండి.

ఉబ్బసం రేపేది ఉన్నిలో చేరే దుమ్ము. ఆ దుమ్ములో కంటికి కనపడని పురుగు ఒకటి ఉంటుంది, డస్ట్ మైట్ అంటారు. మన చర్మం మీంచి రాలే పొట్టు తిని బతుకుతుంది. దానికి తేమ కావాలి. విశాఖపట్నంలో తేమకి కొదవేముంది? సముద్రం పక్కనే, పైగా రేవూ ఫ్యాక్టరీలూ లారీలూ ఉన్న ఊరు. పొద్దున్న తుడిచిన కిటికీ గడప సాయంత్రానికి నల్లబడుతుంది. ఈ పురుగు గొంగడిలోనే కాదు, మీ దూది పరుపులో, దిండులో, టెడ్డీ బొమ్మలో కూడా ఉంటుంది. గొంగడిని అటకెక్కించి, పదేళ్ళ నాటి దూది దిండు మీద పిల్లని పడుకోబెట్టడంలో న్యాయం ఏముంది, చెప్పండి?

అంచేత నా తీర్పు ఇది. గొంగడి కిందికి దింపాలి. పిల్ల బడిలో ఉండగా రెండు మూడు రోజులు ఎర్రటి ఎండలో వెయ్యాలి. పొడిలో ఆ పురుగు బతకదు. తర్వాత ఆరుబయట దులిపి, మంచం మీద వేసేటప్పుడు నూలు గలేబు తొడగాలి. పక్కదుప్పట్లు, దిండు గలేబులు వారానికోసారి బాగా వేడినీళ్ళలో ఉతకాలి. అన్నిటికన్నా ముఖ్యం, పిల్ల ఇన్‌హేలరు మానకూడదు. "పంపు అలవాటైపోతుందండీ" అని మానిపించే తల్లులు ఇంకా ఉన్నారు. రోజూ పీల్చమని రాసిన మందు ఊపిరిగొట్టాల లోపలి వాపుని తగ్గిస్తుంది. ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది వేరు. రెండింటినీ కలగాపులగం చెయ్యకండి. మృగశిర కార్తెకి హైదరాబాదు వెళ్ళి చేపమందు మింగి వచ్చినా సరే, డాక్టరుని అడక్కుండా రోజువారీ మందు ఆపకండి.

ఇక సంచిలో ఉన్ని మిగిలింది. వడకడానికి కదురు లేదు, నెయ్యడానికి మగ్గం లేదు. దిండుగా కుట్టడం నాకు ఇష్టం లేదు, రాత్రంతా ముక్కు దగ్గరే ఉంటుంది గదా! అప్పుడు గుర్తొచ్చింది. ఒకప్పుడు జైపూరులో వైద్య సదస్సుకి వెళ్ళినప్పుడు నమ్దా అనే చిన్న తివాచీ కొన్నాను. రాజస్థాన్‌లో టోంకు, ఇంకా కాశ్మీరు, కచ్ఛ్ ప్రాంతాల్లో చేస్తారు. నూలు తియ్యరు, నెయ్యరు. ఉన్నిని పరిచి, తడిపి, సబ్బు వేసి పిసికి, చుట్టి దొర్లించి గుడ్డ చేస్తారు. ఫెల్టు అంటే ఇదే. నాకు ఇందులో నచ్చింది నీళ్ళు. తడిసిన ఉన్ని నుంచి దుమ్ము లేవదు. ఉబ్బసం ఉన్న పిల్ల కూడా కూర్చుని చెయ్యగల ఉన్ని పని ఉంటే అది ఇదొక్కటే!

ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటి పొలుసులు ఉంటాయి. వేడినీళ్ళు, సబ్బు తగిలితే అవి విచ్చుకుంటాయి. రుద్దుతూంటే పోగులు ఒకదానిలోంచి ఒకటి ముందుకి జరుగుతాయి, వెనక్కి రాలేవు. అలా బిగిసి ముద్దవుతాయి. ఉన్ని స్వెట్టరు వేడినీళ్ళలో ఉతికితే పాపాయి చొక్కా అంత అయిపోవడం మీలో కొందరికి అనుభవమే కాబోలు. అదే పని కావాలని చెయ్యడం అన్నమాట. దూదికి పొలుసులుండవు కనక దూదితో ఇది కుదరదు.

మొదట ఉన్ని అసలుదో కాదో చూసుకోండి. దుకాణాల్లో ఉన్ని అని అమ్మే అల్లిక దారాల్లో చాలాభాగం అక్రిలిక్. మిషనులో ఉతకవచ్చునని రాసిన ఉన్ని పొలుసుల్ని మందుతో అణిచేసి ఉంటారు, అదీ పనికిరాదు. ఒక పోగు తీసి పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపండి (ఇది పెద్దవాళ్ళ పని సుమండీ). జుట్టు కాలిన కంపు కొట్టి, వేళ్ళ మధ్య నలిపితే పొడి అయితే ఉన్ని. కరిగి గట్టి పూసలా మిగిలితే అక్రిలిక్. ఇక మన కోస్తాలో దొరికే గొర్రెని నమ్ముకోకండి. నెల్లూరు గొర్రెకి ఉన్నది జుట్టే గాని ఉన్ని కాదు. ఉన్నినిచ్చేది దక్కను పీఠభూమి నల్లగొర్రె. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. గొంగళ్ళు కొనేవాళ్ళు తగ్గిపోయి ఇప్పుడు చాలాచోట్ల ఆ ఉన్నిని పారేస్తున్నారంటే మా వియ్యపురాలు కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు.

పచ్చి ఉన్నిని పిల్లల చేతికి ఇవ్వద్దు. ఇది ఖండితంగా చెబుతున్నాను. అందులో పేడ, మట్టి, గోమార్లు ఉంటాయి. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డు అనే ఉన్ని మిల్లుల ఊళ్ళో, దిగుమతి ఉన్నిని ఏరే కూలీలు హఠాత్తుగా ఆయాసంతో చనిపోయేవారు. 1880 ప్రాంతంలో అక్కడి డాక్టరు బెల్ అది ఉన్నిలో ఉన్న దొమ్మరోగపు క్రిమి వల్ల అని తేల్చాడు. ఆంత్రాక్స్ అంటే అదే. మన మన్యంలో చచ్చిన పశువుని కోసిన వాళ్ళకి చర్మం మీద నల్లటి దొమ్మ పుండ్లు వచ్చి, విశాఖ దాకా తీసుకురావడం ఇక్కడి డాక్టర్లకి తెలిసిన సంగతే. కాబట్టి రోగంతో చచ్చిన గొర్రె ఉన్ని ఎంత చవకైనా తీసుకోకండి. ఆరోగ్యంగా ఉన్న గొర్రెని కత్తిరించిన ఉన్నిని కూడా పెద్దవాళ్ళు ముక్కుకి మాస్కు కట్టుకుని, పెరట్లో తొట్టిలో నానబెట్టి, నాలుగైదు నీళ్ళు పోసి కడిగి ఆరబెట్టాలి. మేము అలాగే చేశాం. మొదటి నీళ్ళు చింతపండు పులుసులా వచ్చాయి! ఏకడం కూడా పిల్ల ఇంట్లో లేనప్పుడు, బాల్కనీలో. ఇంత శ్రమ ఎందుకనుకుంటే కడిగి దువ్విన తెల్ల మెరినో ఉన్ని ఆన్‌లైనులో దొరుకుతుంది. మేము నలుపు అదీ, తెలుపు ఇదీ కలిపాం.

మొదటి పాఠం ఉండ. నిమ్మకాయంత ఉన్ని వదులుగా చుట్టండి. గిన్నెలో పసిపిల్లకి పోసే నీళ్ళంత వేడినీళ్ళు, అందులో కాస్త ఒంటిసబ్బు గీరి వెయ్యండి. బట్టల సబ్బూ సోడా వద్దు, చేతులు పగులుతాయి. కుంకుడురసం చాలునన్నారు మా వియ్యపురాలు. ఆదివారం తలంటి గుర్తొచ్చి మనవరాలు లేచి పరుగు పుచ్చుకుంది! ఉన్నిని ముంచి రెండు అరచేతుల మధ్య, రవ్వలడ్డు చుట్టినట్టు తేలిగ్గా తిప్పాలి. మొదట్లోనే నొక్కితే మడతలు పడి పగులుతుంది. అయిదు నిమిషాలకి పైన పొర బిగుస్తుంది, అప్పుడు గట్టిగా తిప్పండి. పది నిమిషాలకి మూడో వంతు తగ్గి, నేలకేసి కొడితే ఎగిరే బంతి అవుతుంది. చల్లనీళ్ళలో సబ్బు పోయేదాకా జాడించి పిండెయ్యడమే.

బల్లపరుపు ముక్క కావాలంటే చాప మీద ఉన్నిని పలచగా నిలువుగా ఒక వరస, అడ్డంగా ఒక వరస, మళ్ళీ నిలువుగా ఒకటి పరవండి. పైన పాత దోమతెర ముక్క కప్పి, సబ్బునీళ్ళు చిలకరించి అరచేత్తో గుండ్రంగా రుద్దండి. పోగులు వేళ్ళకి లేచి రానప్పుడు తెర తీసి, అప్పడాల కర్రకి చాపతో సహా చుట్టి వందసార్లు దొర్లించాలి. ముక్కని నాలుగు వైపులా తిప్పుతూ మళ్ళీ వంద. ఇక్కడ ఇంటిల్లిపాదీ కావాలి. మా అల్లుడు డ్యూటీ దిగి వచ్చి కాలితో దొర్లించేవాడు. మనవరాలు లెక్కపెట్టేది, ఎక్కాలు కూడా వచ్చేశాయి! మా వియ్యపురాలి వేళ్ళు పొద్దుటిపూట బిగుసుకుపోతాయి. గోరువెచ్చని సబ్బునీళ్ళలో ఆడిస్తే హాయిగా ఉందని ఆవిడే ముందు కూర్చునేవారు. ఆ పక్కన మనవరాలు. గొంగడికి చింతగింజల గంజి ఎలా పెడతారో, వానలో నెత్తిన కొప్పెర ఎలా వేసుకుంటారో ఆవిడ చెబుతూంటే పిల్ల చేతులు ఆగేవి కావు. మూడో రోజునో నాలుగో రోజునో గమనించాను. ఉన్ని అందుకునే ముందు అది ఎవరి ముఖంలోకీ చూడలేదు.

వేడినీళ్ళ దగ్గర జాగ్రత్త. బకెట్లో కరెంటు రాడ్డు పెట్టి, అదే గదిలో పిల్లల్ని కూర్చోబెట్టకండి. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకాకనే నీళ్ళు ముట్టుకోవాలి. పొరపాటున కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టండి. టూత్‌పేస్టు, సిరా పుయ్యకండి. ఒక్కసారి కూర్చుంటే ఇరవై నిమిషాలు చాలు. తర్వాత చేతులు మంచినీళ్ళతో కడిగి కొబ్బరినూనె రాయాలి.

సూదితో పొడిచి చేసే ఫెల్టు ఇంకొకటుంది. ఆ సూదికి అంచుల్లో గాట్లుంటాయి. వేలికి దిగితే లోతుగా దిగుతుంది, విరిగితే ముక్క లోపల ఉండిపోతుంది. పైగా పని పొడిగా సాగుతుంది కనక పోగు, దుమ్ము లేస్తాయి. ఉబ్బసం పిల్లలకి అసలు వద్దు. మిగతా వాళ్ళకైనా పదేళ్ళు దాటాక, పెద్దవాళ్ళు పక్కన ఉంటేనే. ధనుర్వాతం టీకాలు సరిగా పడ్డాయో లేదో చూసుకోండి. అయిదారేళ్ళకి డిపిటి బూస్టరు, పదో ఏట, పదహారో ఏట టీడీ. ఈ చివరి రెండూ మరిచిపోయే ఇళ్ళే ఎక్కువ.

ఫెల్టు టోపీలు చేసేవాళ్ళకి పూర్వం పాదరసం వల్ల చేతులు వణికి మతి చలించేదని చదివి ఒకరు భయపడ్డారు. నిజమే, అమెరికాలో 1941లో గాని ఆ వాడకం ఆపలేదు. కాని అది కుందేలు బొచ్చు సంగతి. ఆ బొచ్చు తనంత తాను సరిగా ముద్ద కట్టదని పాదరసపు ఉప్పు పూసేవారు. గొర్రె ఉన్నికి సబ్బూ నీళ్ళూ చాలు. రంగు కావాలంటే పసుపు, లేదా మిఠాయిల్లో వేసే రంగు, కాస్త వెనిగరు వేసి పెద్దవాళ్ళు కాచి ఇవ్వండి, ఉన్నికి చక్కగా పడుతుంది. హోలీ రంగులు వద్దు.

మా పిల్ల ఒక హంసని చేసింది, మెడ కాస్త వంకర. రష్యాలో హెర్మిటేజ్ మ్యూజియంలో, సైబీరియా పజీరిక్ సమాధుల్లో దొరికిన ఫెల్టు హంస ఉంది. రెండు వేల మూడు వందల ఏళ్ళు దాటినా చెక్కుచెదరలేదు. ఫోటో చూపిస్తే, "దాని మెడ కూడా వంకరే అమ్మమ్మా!" అంది.

ఈ పనితో ఉబ్బసం తగ్గిందా అని అడగకండి. తగ్గదు. మందు తగ్గిస్తుంది. ఉన్ని వల్ల పెరిగిందా అంటే, అందుకే ఒక నోటుపుస్తకం పెట్టాం. మొదటి రోజు పది నిమిషాలే. ఆ రాత్రి దగ్గు వచ్చిందా, నిద్ర చెడిందా, ఆయాసపు పంపు ఎన్నిసార్లు కావాల్సి వచ్చింది, అన్నీ రాశాం. నెల రోజుల్లో రెండు రాత్రులు దగ్గింది. రెండూ జలుబు చేసినప్పుడే, ఆ వారం ఉన్ని ముట్టుకోనేలేదు. మీరూ రాసుకోండి. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఆయాసం వస్తే మీ పిల్లకి ఈ పని ఆపేసి ఆ పుస్తకం మీ డాక్టరుకి చూపండి. ఆయాసం ఉన్న రోజున ఏ పనీ వద్దు.

వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి. మన ఊళ్ళో జూన్ నుంచి తుఫానుల దాకా ఉన్ని లోపల ఆరదు, బూజు పడుతుంది. బూజు ఉబ్బసానికి దుమ్ము కన్నా తక్కువ శత్రువేమీ కాదు. కార్తీకం నుంచి మాఘం దాకా అనువైన కాలం. నాలుగు సెంటీమీటర్ల కన్నా చిన్న ఉండలు మూడేళ్ళ లోపు పిల్లలకి అందనివ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి.

చివరిగా, దాచే సంగతి. చెదలు, చిమ్మటలు పట్టకుండా బీరువాలో కలరా ఉండలు వేస్తారు గదా, వాటిని మానండి. ఆ వాసనకే కొందరు పిల్లలకి ఆయాసం రేగుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఉంది. పుట్టుకతోనే జి-6-పి-డి అనే ఎంజైము తక్కువగా ఉన్న పిల్లలకి నాఫ్తలీన్ తగిలితే రక్తకణాలు పగిలిపోతాయి, మూత్రం నల్లటి టీ రంగులో వస్తుంది, పచ్చకామెర్లు వస్తాయి. కలరా ఉండల్లో దాచిన దుప్పటి తీసి పసిబిడ్డకి చుట్టబెట్టడం వల్లనే ఇది జరగవచ్చు. బిడ్డ ఉండని మింగితే ఇంట్లో వైద్యం చెయ్యకుండా ఆసుపత్రికి పరుగెత్తండి. ఉన్ని బొమ్మల్ని బాగా ఎండబెట్టి, గాలి చొరని సంచిలో మూతి కట్టి పెడితే చాలు. నెలకోసారి ఆ సంచిని ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే అరలో ఒక పగలూ రాత్రీ ఉంచి, తీశాక బయట దులిపి ఎండలో వెయ్యండి, దుమ్ము పురుగు చస్తుంది. మా అమ్మాయి ఇంట్లో హంస ఆ అరలో బఠాణీల పొట్లం పక్కన పడుకుని ఉంటే మా వియ్యపురాలు చూసి, "వదినా, ఇంత జేసి దీన్ని మంచుల పెడ్తిరి?" అన్నారు.